బతికున్న వానపాము ఏం రుజువు చేస్తుంది?

రైతు శిక్షణల్లో, సేంద్రియ సాగు సభల్లో, వాట్సాప్ గ్రూపుల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది: పారతో తవ్వినప్పుడు వానపాములు కనిపించాయంటే ఆ నేల బాగున్నట్టే. దానికి తోడుగా ఈమధ్య ఇంకో మాట కూడా ప్రచారంలోకి వచ్చింది. పట్టణాల చెత్తనైనా, మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో మిగిలిపోయే బురదనైనా వానపాములకు అప్పగిస్తే చాలు, అందులోని సీసం, కాడ్మియం వంటి భారలోహాలను అవే తినేసి శుభ్రమైన ఎరువును మన చేతికి ఇస్తాయట. మొదటి మాటలో సగం నిజముంది. రెండో మాట లోహాల విషయంలో దాదాపు పూర్తిగా తప్పని నా అభిప్రాయం. పెరట్లో వానపాముల తొట్టి పెట్టుకున్నవాణ్ణి కాబట్టి నాకు ఆ ప్రాణి మీద చిన్నచూపు లేదు. అది చేయలేని పనిని, చేయని పనిని దాని ఖాతాలో వేసి, ఆ పేరుతో ఎరువు అమ్ముకోవడం మీదనే నా అభ్యంతరం.

ముందుగా లోహం వానపాము ఒంట్లోకి ఎలా చేరుతుందో చూడాలి. వానపాము మట్టిని తింటుంది కాబట్టి మట్టిలోని లోహం కడుపు ద్వారానే ఒంటికి పడుతుందని ఎవరైనా అనుకుంటారు. అయితే ఊపిరితిత్తులు లేని ఈ ప్రాణి ఎప్పుడూ తడిగా ఉండే చర్మంతోనే గాలి పీల్చుకుంటుంది, నీటిని కూడా ఆ చర్మంతోనే గ్రహిస్తుంది. మట్టి రేణువుల మధ్య ఉండే నీటిలో కరిగిన లోహానికి కూడా ఆ చర్మమే తలుపు. 2003లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఈ సంగతి తేల్చడానికి ఒక విచిత్రమైన పద్ధతి ఎంచుకున్నారు. శస్త్రచికిత్సల్లో గాయాలు అతికించడానికి వాడే జిగురుతో కొన్ని వానపాముల నోళ్లు మూసేసి, వాటిని, నోరు తెరిచి ఉన్న వాటిని ఒకే రకం కలుషిత మట్టిలో ఉంచి, రెండింటి ఒంట్లోనూ లోహాలను కొలిచారు. కాడ్మియం, రాగి, సీసం విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. జింకులో మాత్రం కొంత భాగం నోటి దారిన వచ్చినట్టు తేలింది. అన్ని జాతులకూ, అన్ని నేలలకూ ఇదే లెక్క వర్తిస్తుందని నేను అనను. కానీ నేలలో మొత్తం ఎంత లోహం ఉందన్నదానికంటే అందులో ఎంత నీటిలోకి దిగివస్తోందన్నదే వానపాముకు ముఖ్యమని ఆ ప్రయోగం స్పష్టంగా చూపించింది.

అందువల్ల ఒకే మోతాదు లోహం రెండు నేలల్లో రెండు రకాలుగా పనిచేస్తుంది. ఆమ్లత్వం పెరిగే కొద్దీ కాడ్మియం, జింకు, సీసం వంటివి మట్టి రేణువులను వదిలి నీటిలోకి వస్తాయి. బంకమన్ను, సేంద్రియ పదార్థం, సున్నం ఎక్కువగా ఉన్న నేలలో అవి గట్టిగా అతుక్కుని ఉంటాయి. కాబట్టి క్షారగుణం ఉన్న మన నల్లరేగడిలో వానపాము తట్టుకునే సీసం మోతాదును సేంద్రియ కర్బనం తక్కువగా ఉండి కాస్త ఆమ్లం వైపు మొగ్గిన ఎర్ర ఇసుక నేలకు వర్తింపజేయలేం. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు, కాటేదాన్ పారిశ్రామిక వాడల మట్టిలో సీసం, క్రోమియం వంటి లోహాలు ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువగా ఉన్నాయని ఏళ్ల కిందటే ప్రచురించారు. అవి విలువైన కొలతలే. అయితే అందులో ఎంత భాగం ప్రాణుల ఒంట్లోకి ఎక్కుతోందని అడిగితే మట్టి నమూనా ఒక్కటే జవాబు చెప్పలేదు. ఆ మట్టిలో బతికే ప్రాణి ఒంట్లో కొలవాల్సి వస్తుంది. శాస్త్రానికి వానపాము అక్కరకు వచ్చేది ఇక్కడే.

ఒంట్లోకి చేరిన లోహాలన్నింటినీ వానపాము ఒకే తీరుగా చూడదు. రాగి, జింకు దానికి బతకడానికి కావలసినవే. అందుకే వాటిని త్వరగా తీసుకుంటుంది, అక్కర తీరాక మిగిలినదాన్ని త్వరగానే బయటికి పంపుతుంది. నేలలో జింకు పదింతలైనా వానపాము ఒంట్లో జింకు పదింతలు కాదు. కాడ్మియం, సీసం సంగతి వేరు. అవి ఏ జీవక్రియకూ పనికిరావు, వాటిని తోసిపారేసే ఏర్పాటు కూడా వానపాము దగ్గర సరిగా లేదు. పేగు చుట్టూ పసుపు గోధుమ రంగులో ఉండే క్లోరాగోజెన్ అనే కణజాలం ఉంటుంది. మన ఒంట్లో కాలేయం చేసే పనులు కొన్ని అది చేస్తుంది. సీసం అక్కడ కాల్షియం, ఫాస్ఫేట్ ఉన్న సన్నని రేణువుల్లో బందీ అవుతుంది. కాడ్మియాన్ని గంధకం దండిగా ఉన్న మెటలోథయోనీన్ అనే చిన్న ప్రొటీన్లు పట్టి ఉంచుతాయి. ఈ ప్రొటీన్ మొదట 1957లో గుర్రం మూత్రపిండంలో దొరికింది. ఆ తర్వాత వానపాములోనూ దాని రూపాలు బయటపడ్డాయి. లోహాన్ని బయటికి పంపలేనప్పుడు దాన్ని ఒక మూలన పెట్టి తాళం వేసి, మిగతా ఒంటిని కాపాడుకోవడమే ఈ ఏర్పాటు ఉద్దేశం. ఒంట్లో విషం ఉంటూనే ప్రాణి బతికి ఉండగలగడానికి కారణం కూడా ఇదే.

కాబట్టి కాడ్మియం వానపాము ఒంట్లో చుట్టూ ఉన్న మట్టిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా పేరుకుంటుంది. పదింతలు ఉండటం అరుదేమీ కాదు. సీసం ఎక్కువ నేలల్లో మట్టి స్థాయిని దాటదు. అయితే కాల్షియం కరువైన ఆమ్ల నేలల్లో అదీ పైకి ఎగబాకుతుంది. ఇలాంటి అంకెలు చదివేటప్పుడు ఒక చిన్న విషయం గమనించాలి. వానపాము పేగు నిండా ఎప్పుడూ మట్టే ఉంటుంది. పరీక్షకు ముందు దాన్ని ఒకటి రెండు రోజులు తడి కాగితం మీద ఉంచి కడుపు ఖాళీ చేయించకపోతే, ఆ మట్టిలోని సీసం కూడా ఒంటి లెక్కలో కలిసిపోతుంది. ఈ జాగ్రత్త తీసుకున్నారో లేదో చెప్పని నివేదికను నేను పెద్దగా నమ్మను.

ఈ బందీ ఏర్పాటు ఎంత సమర్థంగా పనిచేస్తుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. 2013లో లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు కాడ్మియం, టెల్యూరియం లవణాలు కలిపిన మట్టిలో వానపాములను 11 రోజులు ఉంచారు. వాటి క్లోరాగోజెన్ కణజాలంలో కాడ్మియం టెల్యురైడ్ నానో కణాలు తయారయ్యాయి. కాంతి పడితే మెరిసే ఇలాంటి కణాలను పరిశోధకులు మామూలుగా ప్రయోగశాలలోనే తయారు చేస్తారు, వానపాము వాటిని ఒంట్లోనే చేసుకుంది. ఆ వార్త అప్పట్లో పత్రికల్లో ఒక వింతగా వచ్చింది. నాకు మాత్రం అందులో కనిపించింది కాడ్మియాన్ని మోస్తూనే పని చేసుకుపోయే ఒక ప్రాణి.

అలా మోసుకుంటూ తరాల తరబడి బతికిన వానపాములు కూడా ఉన్నాయి. ఇంగ్లాండ్‌లోని డెవన్ గ్రేట్ కన్సోల్స్ 19వ శతాబ్దంలో పేరున్న రాగి గని, తరువాత అక్కడ ఆర్సెనిక్ కూడా తీశారు. గని మూతపడి శతాబ్దం దాటినా దాని వ్యర్థాల నేలలో ఆర్సెనిక్ అసాధారణ స్థాయిలో ఉంది. ఆ నేలలోనే లుంబ్రికస్ రుబెల్లస్ అనే ఎర్ర వానపాములు బతుకుతున్నాయి. శుభ్రమైన చోటి నుంచి తెచ్చిన అదే జాతి వానపాములను ఆ మోతాదు ఆర్సెనిక్‌లో ఉంచితే చచ్చిపోయాయి, గని వానపాములు తట్టుకున్నాయి. కాబట్టి మూసీ పక్కన మురుగునీటితో పశుగ్రాసం పండించే మడిలోనో, పారిశ్రామిక వాడ గోడ పక్కనో వానపాములు కనిపిస్తే, అక్కడ తట్టుకోలేనివి ఎప్పుడో పోయి తట్టుకోగలిగినవే మిగిలి ఉండవచ్చన్న అనుమానం మనకు రావాలి. వానపాములు అసలు లేకపోవడం చెడుకు గుర్తే, అందులో సందేహం లేదు. ఉన్నంత మాత్రాన మంచికి గుర్తు కాదు. మొదటి మాటలో సగం నిజముందన్నది ఈ కారణంతోనే.

చావు కొలమానం కానప్పుడు ఏది కొలమానం అన్న ప్రశ్నకు విషశాస్త్రం కొంత ఆలస్యంగానైనా మంచి జవాబు ఇచ్చింది. పలు దేశాల ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ 1984లో ప్రకటించిన వానపాముల పరీక్ష ప్రకారం 10 శాతం పీట్ (చిత్తడి నేలల్లో సగం కుళ్లిన నాచు), 20 శాతం తెల్ల బంకమన్ను, 70 శాతం ఇసుకతో కృత్రిమ మట్టి తయారు చేసి, అందులో పరీక్షించాల్సిన రసాయనం కలిపి, 14 రోజుల్లో ఎన్ని వానపాములు చచ్చాయో లెక్కపెడతారు. 2004లో వచ్చిన పరీక్షలో పెద్ద వానపాములను 28 రోజుల తరువాత తీసేసి, మరో 28 రోజులు ఆగి ఎన్ని పిల్లలు పుట్టాయో లెక్కిస్తారు. ఈ రెండింటి మధ్య తేడా ఎంతో 1990లలో రీడింగ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్పర్జన్, స్టీవ్ హాప్కిన్ చేసిన పని చూస్తే తెలుస్తుంది. బ్రిస్టల్ దగ్గరి ఏవన్‌మౌత్‌లోని జింకు, సీసం కరిగించే కర్మాగారం చుట్టూ నేలల్లో వానపాములు ఎందుకు తగ్గిపోయాయో వాళ్లు వెతికారు. ప్రయోగశాలలో ఐసీనియా ఫెటిడా వానపాముల్లో సగం చావడానికి కిలో మట్టికి 500 మిల్లీగ్రాములకు పైగా రాగి కావలసి వచ్చింది. అవి పెట్టే గుడ్ల సంచులు సగానికి పడిపోవడానికి మాత్రం 50 మిల్లీగ్రాముల పైచిలుకే సరిపోయింది. కాడ్మియం 300 మిల్లీగ్రాములు కలిపినా సగం చావలేదు, కానీ 50 లోపే గుడ్లు సగానికి తగ్గాయి. పార వేసి చూసిన రైతుకు పెద్ద వానపాములు కనిపిస్తూనే ఉంటాయి. పిల్లలు మాత్రం రావడం మానేసి ఉంటాయి.

ఇదే బృందం ఇంకో సంగతి కూడా గుర్తించింది. సీసాలోని లోహ లవణాన్ని అప్పటికప్పుడు కృత్రిమ మట్టిలో కలిపితే కనిపించే విషప్రభావం, ఏళ్ల తరబడి నేలలో పాతబడిన అదే లోహం అంతే మోతాదులో చూపించే ప్రభావం కంటే చాలా ఎక్కువ. అంటే ప్రయోగశాల అంకెలను నేరుగా చేనులోకి తెచ్చి భయపెట్టడం న్యాయం కాదు. పైగా ఐసీనియా పెంటకుప్పల్లో, కుళ్లే ఆకుల్లో పెరిగే జాతి. మన చేలల్లో మట్టిని తొలుచుకుంటూ తిరిగే లాంపిటో మారిటి వంటి దేశవాళీ వానపాముల జీవితం దానికి భిన్నం. ప్రామాణిక పరీక్షలో పీట్ బదులు కొబ్బరి పొట్టు వాడి ఉష్ణమండలానికి మలిచిన పద్ధతులు వచ్చాయి. మన నేలల్లో, మన జాతుల మీద, చావును కాక పిల్లల సంఖ్యను లెక్కించే పరీక్షలు మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో మామూలు పనిగా మారాలని నేను కోరుకుంటాను.

మన దగ్గర లోహం అనగానే అందరికీ కర్మాగారమే గుర్తొస్తుంది, చేతిలో ఉన్న స్ప్రేయరు గుర్తుకు రాదు. బత్తాయి, నిమ్మ, ద్రాక్ష తోటల్లో బోర్డో మిశ్రమం, కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందుల వాడకం పాత అలవాటే, తెగులుకు అవి పనిచేస్తాయి కూడా. ఒక ఉజ్జాయింపు లెక్క వేద్దాం. ఒక శాతం బోర్డో అంటే 100 లీటర్లకు కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్). అందులో రాగి పావు వంతు. ఎకరాకు 500 లీటర్లు కొడితే 1.25 కిలోల రాగి, ఏడాదికి మూడుసార్లు కొడితే 3.75 కిలోలు. ఆకుల మీద పడ్డదంతా వానతోనో, ఆకు రాలినప్పుడో చివరికి నేలకే చేరుతుంది. రాగి ఆవిరి కాదు, కుళ్లిపోదు. ఎకరంలో 15 సెంటీమీటర్ల లోతు మట్టి సుమారు ఎనిమిదిన్నర లక్షల కిలోలు. అంటే కిలో మట్టికి ఏడాదికి నాలుగు మిల్లీగ్రాములకు కాస్త పైన, పదేళ్లకు నలభై నాలుగు. దున్నని తోటలో రాగి పై నాలుగైదు సెంటీమీటర్లలోనే నిలిచిపోతుంది కాబట్టి, ఆకులు తింటూ పైపైన తిరిగే వానపాములకు తగిలేది దీనికి మూడింతలు. ఐరోపా సమాఖ్య 2019 నుంచి రాగి మందులను ఏడేళ్లలో హెక్టారుకు 28 కిలోల రాగికి, అంటే సగటున ఏడాదికి 4 కిలోలకు పరిమితం చేసింది. మన లెక్క హెక్టారుకు 9 కిలోలు దాటుతోంది. ఫ్రాన్స్ ద్రాక్ష తోటల్లో 1880ల నుంచి బోర్డో కొడుతూ వచ్చిన అనుభవం ఆ పరిమితి వెనుక ఉంది. సేంద్రియ సాగులో కూడా రాగికి అనుమతి ఉందన్న సంగతిని సేంద్రియ మిత్రులు మరిచిపోకూడదు.

దీన్ని పట్టుకుని లోహాలన్నీ విషమేనని ప్రచారం చేస్తే దానికీ నేను ఒప్పుకోను. వరి పొలానికి ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ వేయమని మన శాస్త్రవేత్తలు చెప్పేది ఎన్నో మాగాణి నేలల్లో జింకు లోపం నిజంగానే ఉంది కాబట్టి. ఆ మోతాదు కిలో మట్టికి అయిదు మిల్లీగ్రాముల దరిదాపుల్లోనే ఉంటుంది. వానపాముకు దానివల్ల వచ్చే ముప్పేమీ లేదు.

ఇక అసలు తగవైన వర్మీకంపోస్టు, అంటే వానపాములతో చేసే ఎరువు సంగతి. వానపాములు కాడ్మియాన్ని పదింతలు పోగుచేసుకుంటాయని పైన రాశాను. దాన్నే ఆధారం చేసుకుని, అవి చెత్త నుంచి లోహాన్ని పీల్చేస్తాయి కదా అని వాదించేవాళ్లున్నారు. గాఢతకూ మొత్తానికీ ఉన్న తేడా పట్టించుకోకపోవడం వల్లనే ఈ వాదన పుడుతుంది. పొడి బరువులో టన్ను చెత్త తీసుకుందాం. అందులో కిలోకు 3 మిల్లీగ్రాముల చొప్పున మొత్తం 3,000 మిల్లీగ్రాముల కాడ్మియం ఉందనుకుందాం. ఆ మడిలో 20 కిలోల వానపాములున్నాయనుకుంటే, నీరు పోగా వాటి పొడి బరువు 4 కిలోలకు మించదు. అవి పదింతలు, అంటే కిలోకు 30 మిల్లీగ్రాముల చొప్పున కాడ్మియం పోగుచేసుకున్నా, వాటి ఒంట్లోకి చేరింది 120 మిల్లీగ్రాములు, మొత్తంలో 4 శాతం. ఈలోగా చెత్తలోని కర్బనం బొగ్గుపులుసు వాయువుగా ఎగిరిపోయి టన్ను కాస్తా సగమవుతుంది. మిగిలిన 2,880 మిల్లీగ్రాముల కాడ్మియం ఇప్పుడు 500 కిలోల ఎరువులో ఉంది, అంటే కిలోకు 5.76 మిల్లీగ్రాములు. పాలు మరిగి చిక్కబడ్డట్టు, వానపాముల కష్టం వల్ల లోహం కూడా చిక్కబడింది. మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు వర్మీకంపోస్టులో కాడ్మియానికి పెట్టిన పరిమితి కిలోకు 5 మిల్లీగ్రాములు. మడిలో వేసేటప్పుడు పరిమితి లోపల ఉన్న చెత్త ఎరువుగా బయటికి వచ్చేసరికి దాన్ని దాటిపోయింది. మడిలోనే చచ్చిన వానపాముల ఒంట్లోని లోహం తిరిగి ఎరువులోనే కలుస్తుందన్న సంగతిని నేను ఈ లెక్కలో చేర్చనే లేదు.

అవతలి పక్షానికి ఇంకా బలమైన వాదన ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. మొత్తం లోహం పెరిగినా, వర్మీకంపోస్టులో పుట్టే హ్యూమిక్ పదార్థాలు (బాగా కుళ్లిన సేంద్రియ పదార్థంలోని నల్లటి భాగం) దాన్ని గట్టిగా పట్టి ఉంచుతాయి కాబట్టి మొక్కకు అందే భాగం తగ్గుతుందని కొన్ని అధ్యయనాలు చూపించాయి. అది నిజమే. అయితే చేనులోని కలుషిత మట్టి మీద జరిగిన అధ్యయనాల్లో దానికి విరుద్ధంగా, వానపాముల పేగు గుండా వెళ్లివచ్చిన మట్టిలో లోహాలు మరింత కదిలే రూపంలోకి మారడం ఎక్కువగా కనిపించింది. పైగా పట్టి ఉంచే ఆ సేంద్రియ పదార్థం మన ఎండలకు కొన్నేళ్లలో తరిగిపోతుంది. అప్పుడు అది పట్టి ఉంచిన కాడ్మియం ఎక్కడికి వెళుతుందన్న ప్రశ్నకు నాకు నమ్మకమైన జవాబు ఎవరూ చెప్పలేదు.

ఎరువు కొనేటప్పుడు నేను అమ్మకందారులను లోహాల పరీక్ష పత్రం అడుగుతుంటాను. ఎక్కువసార్లు చేతికి వచ్చేది నత్రజని, భాస్వరం, పొటాష్ అంకెలున్న కాగితమే. పేడ, పంట వ్యర్థాలు మాత్రమే వేసి చేసిన ఎరువుకు దాంతో సరిపెట్టుకోవచ్చు, ఎందుకంటే అందులోకి భారలోహం వచ్చే దారులు తక్కువ. బ్యాటరీలు, రంగులు, ఎలక్ట్రానిక్ ముక్కలు కలిసిన పట్టణ చెత్తకు గానీ, పరిశ్రమల నీరు కలిసే మురుగు బురదకు గానీ అది సరిపోదు. ప్రమాణాల్లోనే ఒక వింత ఉంది. నగర కంపోస్టుకు రాగి, జింకు, ఆర్సెనిక్, పాదరసాలకు కూడా హద్దులు పెట్టారు. వర్మీకంపోస్టు ప్రమాణంలో కనిపించేవి కాడ్మియం, క్రోమియం, నికెల్, సీసం, ఈ నాలుగే. ఒకే చెత్తను వానపాముల గుండా పంపితే నాలుగు లోహాల పరీక్ష తగ్గించవచ్చన్న తర్కం నాకు అర్థం కాలేదు. చెత్తతో చేసిన ఏ ఎరువుకైనా ఒకే జాబితా వర్తించాలి, పరీక్ష కూడా ఎరువు మీదనే కాక మడిలో వేసే ముడిసరుకు మీద కూడా జరగాలి.

ఎరువు జల్లెడ పట్టాక మిగిలే వానపాముల గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడటం లేదు. తొట్లు ఎక్కువైనప్పుడు వాటిని కోళ్లకు వేయడం, చేపల గాలానికి ఎరగా వాడటం, చేపల మేతలో కలపడం అన్నీ ఉన్నవే. ప్రొటీన్ దండిగా ఉన్న మేత కాబట్టి అందులో వింతేమీ లేదు. కానీ మెటలోథయోనీన్ తాళం వేసి దాచిన కాడ్మియం వానపాముకు హాని చేయకపోవచ్చు గానీ, దాన్ని తిన్న ప్రాణి కడుపులో ఆ తాళం ఊడిపోతుంది. నెదర్లాండ్స్, బెల్జియం సరిహద్దులోని కెంపెన్ ప్రాంతంలో జింకు కర్మాగారాల చుట్టూ వానపాములే ప్రధాన ఆహారమైన మోల్ అనే నేల తవ్వే చిన్న జంతువుల మూత్రపిండాల్లో కాడ్మియం భారీగా పేరుకున్నట్టు 1980లలోనే కనుగొన్నారు. మన దగ్గర దుక్కి దున్నుతుంటే నాగలి వెంట, ట్రాక్టరు వెంట నడిచే కొంగలు, గోరువంకలు ఏరుకుతినేవాటిలో వానపాములూ ఉంటాయి. పేడ మడిలోని వానపాములను కోళ్లకు వేయడానికి నాకేమీ అభ్యంతరం లేదు. మురుగు బురద మీద, కలగలుపు పట్టణ చెత్త మీద పెరిగిన వానపాములను మాత్రం పరీక్షించకుండా మేతగా అమ్మడాన్ని నిషేధించాలి. పరీక్షలో కాడ్మియం ఎక్కువని తేలితే వాటిని తిరిగి మడిలో వేయకూడదు, చేనులోనూ వదలకూడదు. ప్రమాదకర వ్యర్థాలతో పాటే పంపించాలి.